కంప్యూటరు గాదెలో వంతులు



ఉమ్మడి గాదె యున్న యింట తగవు లేకుండుట అరుదు. ధాన్యము చాలక వచ్చు తగవు ఒకటి. ఎవరెంత తీసిరో లెక్క లేక వచ్చు తగవు మఱియొకటి. మొదటిది కఱవు కాలమున వచ్చును. రెండవది నిండు గాదె కడనే వచ్చును. ఈ రెండవ తగవు కంప్యూటరు అను యంత్రమునందును పుట్టినది. దానిని తీర్చుటకు పాశ్చాత్య పండితులు 60 ఏండ్లకు పైగా పడిన పాట్లను నేడు మీకు మనవి చేయదలచితిని. నేను తెలుగు చెప్పి బ్రదికినవాడను గాని యంత్రశాస్త్రజ్ఞుడను గాను. ఈ విషయమున నాకు ఆసక్తి కలుగుటకు కారణము నేను స్వయముగా చేసిన యొక తప్పిదము. కథకు పూర్వము దానిని చెప్పుట న్యాయము.

2004 లో మా పాఠశాలకు ఒక కంప్యూటరు వచ్చినది. ఉపాధ్యాయులము 14 మందిమి, యంత్రము ఒక్కటి. ఆ గది నా తరగతి ప్రక్కనే యుండుటచేత తాళపుచెవి నా చేతికి వచ్చినది. అంతకు మించిన యోగ్యత నాకేమియు లేదు. రెండేండ్లు గడచినవి. 2006 మార్చి నెలలో పరీక్షల మార్కుల పట్టీలు తయారు చేయబోగా, చోటు లేదని యంత్రము మొరాయించినది. ప్రధానోపాధ్యాయులు తొందరపడుచుండిరి. "ఏదైన తీసివేసి చోటు చేయుడు" అనిరి. నేను వెదకగా "పాతవి" అను పేరు గల దస్త్రముల కట్ట యొకటి కానవచ్చినది. ఏడాదిగా ఎవరును తెఱచిన గుఱుతు లేదు. పాతవియే గదా యని తుడిచివేసితిని. పట్టీలు సిద్ధమైనవి, అందఱును సంతోషించిరి.

ఆ కట్ట సాంఘికశాస్త్రము చెప్పు సహోపాధ్యాయునిది. ఆయన అప్పుడు సెలవులో నుండిరి. ఏడు వేసవులు చుట్టుప్రక్కల గ్రామములు తిరిగి, చెఱువుల పేర్లు, తూముల పేర్లు, ఒక్కొక్క పొలమునకు పూర్వులు పెట్టిన పేర్లు వృద్ధులనడిగి వ్రాసికొని, వానిని ఆ యంత్రములోనికి ఎక్కించిరి. పాతకాలపు పేర్లు గనుక కట్టకు "పాతవి" అని పేరు పెట్టిరి. మఱి డిస్కు నిండుటకు కారణమేమో తరువాత తెలిసినది. అందు సగమునకు పైగా ఆక్రమించినవి సినిమాలు. వానిని ఎవరు చేర్చిరో చెప్పను. వాని పేర్లు అంకెలతో వికటముగా నుండుటచేత, అవి యంత్రమునకే కావలసిన సరకేమో యని నేను వానిని ముట్టలేదు.

ఇక చరిత్రకు వత్తము.

డిస్కు అనగా అయస్కాంతపు పూత పూసిన పళ్లెము. ఐ.బి.యం. అను అమెరికా సంస్థ 1956 సెప్టెంబరులో తొలి డిస్కు యంత్రమును లోకమునకు చూపెను. దాని పేరు రామాక్. (మన చెవికి రామనామమువలె వినబడుట కేవలము మన పుణ్యము, అది ఆంగ్లపదముల పొడి యక్షరముల కూర్పు.) రెండడుగుల వ్యాసము గల పళ్లెములు 50 ఒక యిరుసునకు గ్రుచ్చి నిమిషమునకు 1200 చుట్లు త్రిప్పెడివారు. అంతయు కలిసి టన్నుకు పైబడిన బరువు. ఇంత చేసి అందు పట్టునది 50 లక్షల అక్షరములు. నేడు మీ మనుమడు చేతి ఫోనుతో తీయు ఫోటో యొకదానికి ఇంచుమించు అంత చోటు పట్టును.

అప్పటికి కంప్యూటరును పలువురు ఒకే వేళ వాడుట లేదు. చిల్లులు పొడిచిన కార్డుల కట్టను తెచ్చి యిచ్చి, తమ వంతు వచ్చువఱకు కాచియుండి, ఫలితపు కాగితములు తీసికొని పోవలయును. ఈ యవస్థను మాన్పినవారిలో ముఖ్యుడు ఫెర్నాండో కోర్బటో. 1961 నవంబరులో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఆయన చూపిన పద్ధతిలో ఒక్క యంత్రమే పలువురకు ఒకేసారి పలికెను. వెన్నెలలో అవ్వ పిల్లలనందఱిని చుట్టును కూర్చుండబెట్టికొని ముద్ద తరువాత ముద్దగా అందించుచుండగా, ఏ పిల్లకును తాను కాచియున్నట్లు తోచదు గదా. ఆ యంత్రమును అట్లే ఒక్కొక్కరికి క్షణములో లేశభాగము కేటాయించుచు తిరిగెడిది.

పలువురు చేరిన పిమ్మట వంతులు తప్పవు. అచ్చట రెండు వంతులు ఏర్పఱచిరి: ఇన్ని గంటల కాలము, డిస్కుపై ఇన్ని చాళ్లు. చాలు అనుట నా కల్పన కాదు. పళ్లెముపై అక్షరములు నిలుచు వలయమును వారును దారి యనియే పిలిచిరి, మనకు నాగటి చాలు సరిపోవును. ఎవరి దస్త్రములు వారివిగా కాచుటకు రహస్యపదమును పెట్టుటయు అక్కడనే వాడుకలోనికి వచ్చినది. వంతు పుట్టిన మఱుక్షణమే వంతును దాటు ఉపాయమును పుట్టినది. 1962 లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థికి వారమునకు నాలుగు గంటల కాలము మాత్రమే కేటాయింపబడెను. అతని పనికి అది చాలదు. కార్డుపై వ్రాసి యిచ్చినచో ఏ దస్త్రమునైన అచ్చువేసి యిచ్చు ఏర్పాటు అచ్చట నుండెను. అతడు రహస్యపదముల దస్త్రమునే అచ్చువేయుమని కార్డు పెట్టెను. యంత్రము వినయముగా అచ్చువేసి యిచ్చెను. ఇతరుల పేర కాలము వాడుకొని అతడు తన పరిశోధన ముగించెను. నిజమును పాతికేండ్ల తరువాత తానే చెప్పుకొనెను. దొంగతనమే, కాదనను. కాని చాలని వంతు నిచ్చినవాడు ఆ కథలో పూర్తిగా నిర్దోషియని యొప్పుకొనుటకు నా మనస్సు ఒప్పదు.

ఆ విద్యాలయమువారే మఱి రెండు సంస్థలతో కూడి 1965 లో మల్టిక్స్ అను పెద్ద పథకమునకు పూనుకొనిరి. అందలి వంతుల పద్ధతి మన యుమ్మడి కుటుంబముల పంపకమును చూచి చేసినట్లుండును. దస్త్రములనుంచు అఱలు ఒకదానిలో నొకటిగా చెట్టు కొమ్మలవలె పెరుగును. పై అఱకు ఇన్ని పుటలని వంతు నిత్తురు. పుట యనగా 4096 అక్షరములు. ఆ పై అఱ యజమానుడు తన వంతునుండి కొంత తీసి క్రింది అఱకు ధారపోయవచ్చును; మరల వెనుకకు తీసికొనవచ్చును. వేఱు వంతు లేని అఱలో ఎవరేమి వ్రాసికొన్నను, అది పైనున్న వంతుదారు లెక్కలో పడును. వేఱుపడని కొడుకు చేసిన యప్పు తండ్రి పేరనే పడుట మనము చూచినదే.

అంతకన్న నాకు నచ్చిన సంగతి యొకటి కలదు. ఎంత చోటు పట్టెనని మాత్రమే గాక, ఎంతకాలము పట్టెనని కూడ వారు కొలిచిరి. పుటల సంఖ్యను కాలముచే గుణించి ఆ లబ్ధము ననుసరించి రుసుము కట్టెడివారు. పది పుట్ల ధాన్యము ఒక దినముంచినవాడును, ఒక పుట్టి పది దినములుంచినవాడును గిడ్డంగికి సమానముగా ఋణపడుదురని భావము. మా పాఠశాలలో ఇట్టి లెక్క యున్నచో సినిమాల గుట్టు మొదటి నెలలోనే బయటపడెడిది. మల్టిక్స్ పద్ధతి నడచిన కడపటి యంత్రమును 2000 అక్టోబరులో కెనడాలో ఆపివేసిరి.

ఆ పథకమునుండి 1969 లో తప్పుకొనిన బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను నిద్దఱు తమకొఱకు చిన్న పద్ధతి నొకటి కల్పించుకొనిరి. అదియే యూనిక్స్. దాని సంతతియే నేడు లోకమందలి యంత్రములలో అధికభాగమును నడుపుచున్నది. ఇద్దఱు ముగ్గురు స్నేహితులు వాడుకొను యంత్రము గనుక అందు వంతుల ఏర్పాటు లేదు. స్నేహితులు పదుగురై, పదుగురు నూర్గురైరి. ఉదయమున యంత్రము తెఱవగానే కనబడు సందేశము అనేక స్థలములలో ఒక్కటే: చోటు తక్కువ, మీ పాత దస్త్రములు తుడిచివేయుడు. ఆ సందేశమును చదివి ఎవరు తుడిచిరో ఎవరు నవ్వుకొనిరో మీరే యూహింపుడు. చెఱువు పూడిక తీయుటకు రండని దండోరా వేసినప్పుడు వచ్చువారు ఎవరో మన కెఱుకయే. రిచీ తానే యొక వ్యాసములో ఈ లోపమును దాచక చెప్పెను. ఏ దుర్మార్గుడైనను చిన్న ప్రోగ్రాముతో డిస్కునంతను నింపి, అందఱి పనియు ఆపగలడని యొప్పుకొనెను.

ఈ లోపమును తీర్చినది ఆస్ట్రేలియా ఖండమునందలి మెల్బోర్ను విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్టు ఎల్జ్. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమువారు యూనిక్సును సంస్కరించి 1983 ఆగస్టులో విడుదల చేసిన ప్రతిలో ఆయన కల్పించిన వంతుల విధానము చేరినది. నేటికిని లోకమున వంతులు పంచు పద్ధతులలో ఎక్కువ భాగము దాని ఛాయయే. అందలి ముఖ్యమైన యుపాయము హద్దులు రెండుంచుట. ఒకటి మెత్తని హద్దు, మఱియొకటి గట్టి హద్దు. మెత్తని హద్దును మీఱవచ్చును. కాని యంత్రము హెచ్చరించును. మీఱినవాడు మూడు పర్యాయములు వచ్చియు సరిదిద్దుకొననిచో, మెత్తని హద్దే గట్టిదై పోవును. క్రిందికి దిగువఱకు క్రొత్తగా అక్షరమైన వ్రాయనీయదు. తరువాతి కాలమున మూడు హెచ్చరికలకు బదులు ఏడు దినముల గడువు వాడుకలోనికి వచ్చినది. గట్టి హద్దును మాత్రము ఎన్నడును మీఱనీయదు.

రెండు హద్దులేల యని మీరడుగవచ్చును. మనిషి పని సమముగా సాగదు. కోతల దినములలో కల్లము నిండును, పిమ్మట ఖాళీయగును. గ్రంథము వ్రాయువానికి నాలుగు ప్రతులు ఒకేసారి కావలసి వచ్చును; పని ముగిసిన పిదప మూడింటిని తుడిచివేయును. గట్టి హద్దు మాత్రమే యున్నచో కోతల నాడు కల్లమునకు తాళము వేసినట్లగును. దాని వలన కలుగు హాని యెట్టిదో ఎల్జ్ బాగుగా ఎఱుగును. దస్త్రమును దిద్దుచున్నవాడు భద్రపఱుపుమనగా, కొన్ని ప్రోగ్రాములు పాత ప్రతిని చెఱిపి క్రొత్తది వ్రాయబోవును. సగములో హద్దు తగులును. పాతదియు లేదు, క్రొత్తదియు సగమే. అట్టి వేళ దిద్దుట విడిచి బయటికి రావలదనియు, ఉన్నచోటనే యుండి అనవసరమైనవి తుడిచి, లేదా వేఱు చోట తాత్కాలికముగా వ్రాసికొని, అప్పుడు మరలి రమ్మనియు ఆయన తన వివరణలో చెప్పెను. ఇది నీటిలో కాలు జాఱినవానికి చెప్పునట్టి మాట.

బర్కిలీ సంస్కరణలోనిదే మఱియొక విశేషము. డిస్కులో పదవ వంతును ఎవరికి నీయక మిగిల్చి యుంచిరి. నిర్వాహకుడొక్కడే దానిని ముట్టగలడు. గాదెలో విత్తనపు గింజలవలె ననిపించును గాని కారణము వేఱు. డిస్కు నిండుకొలది దస్త్రపు ముక్కలు దూరదూరముగా చెదరి పడును; వానిని ప్రోగుచేయుటలో యంత్రము నెమ్మదించును. ఆ పదవ వంతు ఖాళీ యున్నప్పుడే పని చుఱుకుగా సాగును.

ఇక బేనామీ సంగతి. మన సీమలో భూపరిమితి చట్టము వచ్చినప్పుడు పొలములు ఎవరెవరి పేరనో ఎక్కిన సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. యూనిక్సు శాఖలలో కొన్నిటియందు ఎవడైనను తన దస్త్రమును మఱియొకరి పేరునకు మార్చగలడు. వంతుల లెక్క పేరును బట్టి సాగును గదా! పెద్ద దస్త్రమును పొరుగువాని పేర వ్రాసి, అనుభవము మాత్రము తానుంచుకొన్నచో, పొరుగువాని వంతు నిండును. దీనిని కనిపెట్టి బర్కిలీవారు పేరు మార్చు అధికారమును నిర్వాహకునికి తప్ప ఇతరులకు లేకుండ చేసిరి. లెక్క పెట్టుటకంటె లెక్క ఎవరి పేర వ్రాయవలయునను దానియందే చిక్కు అధికము.

ఎల్జ్ విధానము చోటును మాత్రమే గాక దస్త్రముల సంఖ్యను కూడ లెక్కించును. అల్పమైన దస్త్రములు లక్ష పేర్చినను యంత్రమునకు ఊపిరాడదు. దీనికి తార్కాణముగా అంగారక గ్రహమునకు పోయిన యంత్రమును చెప్పుదును, అది ఉమ్మడిది కాకపోయినను. 2004 జనవరిలో అచ్చట దిగిన స్పిరిట్ అను బండి మూడు వారములు గడువకముందే మూగవోయినది. దారిలో ఏడు నెలలు ప్రోగైన దస్త్రములు తీసివేయబడక, వాని పట్టిక జ్ఞాపకశక్తిలో ఇముడక, అది పదే పదే నిద్రలేచి మరల పడిపోవుచుండెను. ఆ భాండారమును చూడకయే లెమ్మని ఇక్కడనుండి ఆజ్ఞాపించి, దస్త్రములు తుడిచి దానిని బ్రదికించిరి.

నిర్వాహకులు కూడ ఋషులు కారు. వందమందికి పంచిన వంతులను కూడి చూచినచో డిస్కును మించి యుండుట సాధారణము. అయిదువందల మందిని పిలిచి నాలుగువందల విస్తళ్లు కుట్టించిన పెండ్లివారి ధైర్యమే వారి ధైర్యము. అందఱును ఒకనాడే వచ్చినచో పరువు పోవును, తఱచుగా రారు.

2004 ఏప్రిల్ 1 న గూగుల్ సంస్థ తన ఉత్తరముల పెట్టెలో ఒక్కొక్కరికి 100 కోట్ల బైట్ల చోటు ఉచితముగా నిత్తుననెను. బైటు అనగా ఆంగ్లాక్షర మొకటి పట్టు చోటు. ఇతరులు అప్పటికి 20 నుండి 40 లక్షలు మాత్రమే యిచ్చుచుండిరి; ఆ తేదీని బట్టి ఇది పరిహాసమని పలువురు తలచిరి. నేటి వాడుకలోనున్న లిపి సంకేతమున తెలుగు గుఱుతు ఒక్కొక్కటి మూడు బైట్లు పట్టును. ఒత్తులను, గుణింతములను, విరామమును విడివిడిగా లెక్కించుటచేత "స్త్రీ" అను ఒక్క యక్షరమునకు 18 బైట్లగును. మన భాష అధికముగా తినునని పిల్లలు నవ్వుదురు. నాకు మాత్రము అది నిండుదనముగానే తోచును.

ఆ సంస్థయే 2013 నాటికి వంతును 1500 కోట్ల బైట్లకు పెంచినది. ఫోటోలను కొంచెము కుదించి యిచ్చినచో లెక్కింపక దాచెదనని కూడ చాలకాలము చెప్పినది. 2021 జూన్ 1 నుండి ఆ ఔదార్యము నిలిచినది. విశ్వవిద్యాలయములకు లెక్కలేక యిచ్చుచుండిన చోటును కూడ 2022 నుండి హద్దులలో పెట్టినది. అప్పుడు ఆచార్యులు ఏండ్లతరబడి పోగుచేసిన కట్టలను తెఱచి, ఏది ఉంచవలయునో ఏది తీయవలయునో తెలియక తలలు పట్టుకొనిరి. ఎవరివో తెలియని దస్త్రములు, ఉద్యోగము విడిచి పోయినవారి దస్త్రములు వానిలో ఎన్నియో.

తుడుచుట ఎంత ప్రమాదకరమో జపానువారు ఎఱుగుదురు. క్యోటో విశ్వవిద్యాలయపు మహాగణకయంత్రమునందు, పదిదినములు దాటిన దినచర్య చీటీలను తుడిచివేయు చిన్న ప్రోగ్రాము ఒకటి నడచుచుండెడిది. యంత్రములను సమకూర్చిన సంస్థవారు 2021 డిసెంబరులో దానిని సంస్కరించి, పాతది నడచుచుండగానే దాని స్థానమున క్రొత్తది పెట్టిరి. పాలేరు ఆజ్ఞాపత్రమును సగము చదువుచుండగా చేతిలోని కాగితమును మార్చినట్లయినది. "ఈ పొలములో కలుపు తీయుము" అను వాక్యమున పొలము పేరు మాయమై, "తీయుము" అనునది మిగిలినది. 14 నుండి 16 వ తేదీ లోపల 14 పరిశోధక బృందములవి 3 కోట్ల 40 లక్షల దస్త్రములు పోయినవి. నాలుగు బృందములవి మరల తెచ్చుటకు వీలులేకుండ పోయినవి. తప్పు తమదేయని ఆ సంస్థవారు ఒప్పుకొనిరి.

ఆ వార్త చదివిన నాడు నాకు మా సాంఘికశాస్త్రపు మిత్రుడు జ్ఞాపకము వచ్చెను. 2006 ఏప్రిల్‌లో ఆయన సెలవు ముగించుకొని వచ్చి యంత్రము ముందు కూర్చుండి చాలసేపు వెదకిరి. నేను లోపలికి పోయి జరిగినది చెప్పితిని. "పోనిండు పంతులుగారూ, పేరు నేను సరిగా పెట్టలేదు" అని ఆయన అన్నారు. దానికి నేను బదులు చెప్పలేకపోతిని.

ఆయన చేతితో వ్రాసికొన్న తొమ్మిది నోటుపుస్తకములలో ఆఱింటిని, యంత్రములోనికి ఎక్కినవి గదా యని, పాతకాగితముల వానికి అమ్మివేసి యుండిరి. మిగిలిన మూడింటిని పట్టుకొని ఆయనయు నేనును రెండు వేసవులు ఆ యూళ్లు తిరిగితిమి. కొన్ని చోట్ల పేర్లు మరల దొరకినవి. ఒకచోట మునుపు చెప్పినాయన కుమార్తె తండ్రికంటె ఎక్కువ చెప్పినది. రెండు గ్రామములలో మాత్రము చెఱువు తూర్పు తూము క్రింది మళ్ల పేర్లు తెలిసినవారు ఒక్కరును మిగిలి లేరు. ఆ పుటలు ఖాళీగా నుంచి, గ్రామము పేరు మాత్రము వ్రాసితిమి.